సంతకానికి ముందు పాఠం: హైస్కూలు విద్యార్థులకు నిత్యజీవిత చట్టాలు బోధించడం ఎలా?

పదో తరగతి విద్యార్థికి 15 ఏళ్లు ఉంటాయి. మరో మూడేళ్లు గడిస్తే ఆ విద్యార్థి సిమ్ కార్డు దరఖాస్తు మీద, బ్యాంకు రుణపత్రం మీద, అద్దె గది ఒప్పందం మీద, స్నేహితుడి అప్పుకు హామీగా రాసిన ప్రోనోటు మీద సంతకం పెట్టడానికి అర్హత పొందుతాడు లేదా పొందుతుంది. రాజ్యాంగం గురించి, ప్రాథమిక హక్కుల గురించి, న్యాయస్థానాల నిర్మాణం గురించి మన సాంఘిక శాస్త్రం పుస్తకాలు చెబుతున్నాయి. ఇంటి బీరువాలో మడతపెట్టి ఉన్న అప్పు కాగితాన్ని ఎలా చదవాలో మాత్రం ఎవరూ నేర్పడం లేదు. ఆ లోటును ఒక ఉపాధ్యాయుడు, లేదా ఒక ఉపాధ్యాయిని, వారానికి ఒక పీరియడ్ చొప్పున పన్నెండు వారాల్లో చాలావరకు పూడ్చగలరని అనుభవం మీద నమ్ముతూ ఈ పద్ధతిని మీ ముందు ఉంచుతున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక మాట స్పష్టం చేయాలి. మన దేశంలో వ్యక్తిగత చట్టం అనగానే మతాన్ని బట్టి మారే వివాహ, వారసత్వ నియమాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ నేను చెబుతున్నది అంతకంటే విశాలమైనది: ఒక సాధారణ కుటుంబంలోని మనిషి అప్పు చేసేటప్పుడు, కొనేటప్పుడు, అమ్మేటప్పుడు, పనిలో చేరేటప్పుడు, పెళ్లి చేసుకునేటప్పుడు తారసపడే చట్టమంతా ఇందులోకి వస్తుంది. దాన్ని బోధించడానికి మీరు న్యాయవాది కానవసరం లేదు. సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు ఎవరైనా, కొంత ముందస్తు సిద్ధపాటుతో, ఈ పని చేయవచ్చు.

ముందుగా కాగితాలు సమకూర్చుకోండి

చట్టాల పుస్తకంతో తరగతిలోకి వెళ్లకండి, కాగితాలతో వెళ్లండి. ఒక కిరాణా బిల్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్ కవరు, ఒక మిక్సీ వారంటీ కార్డు, రద్దు చేసిన ఒక చెక్కు, 11 నెలల అద్దె ఒప్పందం నమూనా, ఖాళీ ప్రోనోటు ఫారం, ఏదైనా ఒక మొబైల్ యాప్ షరతుల పేజీ ముద్రించిన ప్రతి మీ దగ్గర ఉంటే సగం సిలబస్ మీ చేతిలో ఉన్నట్లే. ప్రోనోటు ఫారాలు స్టేషనరీ దుకాణంలో దొరుకుతాయి. కేంద్ర చట్టాల మూలపాఠాలు ప్రభుత్వపు ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా లభిస్తాయి కాబట్టి, మీరు చెప్పబోయే ప్రతి సెక్షన్‌ను పాఠానికి ముందు ఒకసారి అక్కడే చదువుకోండి. గైడు పుస్తకాల మీద ఆధారపడితే పాత నియమాలు చెప్పే ప్రమాదం ఉంది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక కూడా ఇండియన్ పీనల్ కోడ్ సెక్షన్ నంబర్లతోనే ఉన్న పుస్తకాలు ఇంకా చేతులు మారుతున్నాయి.

ఈ దశలో నేను చేసిన పొరపాటు మీరు చేయకూడదని కోరుతున్నాను. తొలి ఏడాది, ఇంట్లో ఉన్న అప్పు కాగితాల నకలు తీసుకురమ్మని పిల్లలకు చెప్పాను. ఒక అమ్మాయి తన తండ్రి రాసిచ్చిన ప్రోనోటు నకలు తెచ్చింది. అప్పిచ్చిన వ్యక్తి అదే తరగతిలో చదువుతున్న మరో విద్యార్థికి బంధువని, ఆ కాగితం చేతులు మారుతున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ అమ్మాయి మూడు రోజులు బడికి రాలేదు. అప్పటి నుంచి ఇంటి కాగితాలు తరగతికి రాకూడదన్నది నా నియమం. పేర్లు, మొత్తాలు కల్పించి నేనే నమూనాలు తయారుచేస్తాను. ఇంటి కాగితాన్ని ఇంట్లోనే, పెద్దల అనుమతితో, చదివి చూడమని మాత్రమే చెబుతాను.

మొదటి పీరియడ్: బోర్డు మీద వయసు గీత

నల్లబల్ల మీద అడ్డంగా ఒక పొడవైన గీత గీసి సున్నా నుంచి 25 వరకు అంకెలు వేయండి. ఏ వయసుకు చట్టం ఏం ఇస్తుందో, ఏం అడుగుతుందో పిల్లలనే ఊహించి చెప్పమనండి, తర్వాత మీరు సరిదిద్దండి. 7 ఏళ్లలోపు బిడ్డ చేసిన ఏ పనీ నేరం కాదు. 7 నుంచి 12 ఏళ్ల మధ్య, తన పని పర్యవసానాన్ని గ్రహించే పరిణతి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. 10 ఏళ్లు నిండిన మైనరు, బ్యాంకు విధించిన పరిమితులకు లోబడి, తన పొదుపు ఖాతాను తానే నడుపుకోవచ్చు. 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం నిషిద్ధం; బడి వేళల తర్వాత సొంత కుటుంబపు పనిలో సాయం చేయడం వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 18 ఏళ్లకు ఓటు, ఒప్పందం చేసుకునే అర్హత, అమ్మాయికి వివాహ వయసు వస్తాయి. అబ్బాయికి వివాహ వయసు 21. శాసనసభకు పోటీ చేయాలంటే 25 నిండాలి. గీత పూర్తయ్యేసరికి, చట్టం తమకు సంబంధం లేని విషయమన్న భావన పిల్లల్లో చాలావరకు కరిగిపోతుంది.

ఈ పీరియడ్‌లో తప్పకుండా చర్చకు వచ్చేది ద్విచక్ర వాహనం. గేర్లు లేని, 50 సీసీకి మించని వాహనానికి మాత్రమే, అదీ తల్లిదండ్రుల సమ్మతితో, 16 ఏళ్లకు లైసెన్సు దొరుకుతుంది; మన వీధుల్లో తిరిగే స్కూటీల్లో దాదాపు అన్నీ ఆ పరిమితిని దాటినవే. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనరు నేరం చేస్తే వాహన యజమాని లేదా సంరక్షకుడికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు, వాహన రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు కావచ్చు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాకపోవచ్చు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకునే బాధ్యత కూడా ఆ పెద్దవారి మీదే ఉంటుంది. ఈ మాట చెప్పినప్పుడు తరగతి నిశ్శబ్దమైపోవడం నేను ప్రతి ఏటా చూస్తున్నాను. తమ తప్పుకు నాన్న బోనులో నిలబడవలసి వస్తుందన్న ఆలోచన వారికి కొత్త.

రెండు, మూడు వారాలు: ఒప్పందం అంటే ఏమిటి

1872 నాటి భారత ఒప్పందాల చట్టం ఈ పాఠాలకు వెన్నెముక. అయినా నిర్వచనంతో మొదలుపెట్టవద్దు. సంతలో కూరగాయల బేరంతో మొదలుపెట్టండి. కిలో వంకాయలు 40 రూపాయలని అమ్మే మనిషి చెప్పడం, 30కి ఇస్తావా అని కొనే మనిషి అడగడం, సరే తీసుకో అనడం, డబ్బు చేతులు మారడం అనే నాలుగు మాటల్లో ప్రతిపాదన, ఎదురు ప్రతిపాదన, అంగీకారం, ప్రతిఫలం నాలుగూ ఉన్నాయి. ఇద్దరు విద్యార్థులు దీన్ని నటించి చూపిన తర్వాత ఆ పదాలు బోర్డు మీద రాస్తే, వాటిని బట్టీపట్టవలసిన అవసరం రాదు.

ఇక్కడ పిల్లలకు, చాలామంది పెద్దలకు కూడా, ఉన్న ఒక అపోహను తొలగించాలి. కాగితం మీద లేకపోతే ఒప్పందం కాదని వారు నమ్ముతారు. నోటి మాటతో కుదిరిన ఒప్పందం కూడా సాధారణంగా చెల్లుతుంది. మామిడి తోట కాపు బేరం, ట్రాక్టరు కిరాయి, పెళ్లికి షామియానా అన్నీ అలా కుదిరేవే. కాగితం ఇచ్చేది రుజువు. కొన్ని లావాదేవీలకు మాత్రం చట్టమే రాతను, రిజిస్ట్రేషన్‌ను కోరుతుంది. కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయమంటుంది (రాష్ట్ర సవరణలు వేరుగా ఉండవచ్చు); అద్దె పత్రాలు ఎక్కువగా 11 నెలలకే రాసుకునే అలవాటు అందుకే వచ్చిందని ఈ సందర్భంలో చెప్పండి. ఈ చిన్న వివరం పిల్లలు ఇంటికి వెళ్లి పెద్దలకు చెప్పే మొదటి చట్ట విషయం అవుతుంది.

తర్వాత కేసులు చెప్పండి. కేసు చెప్పడానికి ఒక క్రమం పాటించండి: ముందు జరిగిన కథ మాత్రమే చెప్పాలి, ఎవరు గెలవాలో విద్యార్థులు చేతులెత్తి చెప్పాలి, ప్రతి ఒక్కరూ ఒక వాక్యంలో కారణం రాయాలి, ఆ తర్వాతే తీర్పు చెప్పాలి. లాల్‌మన్ శుక్లా, గౌరీ దత్ కేసు దీనికి చక్కగా సరిపోతుంది. 1913లో యజమాని గౌరీ దత్ మేనల్లుడు ఇల్లు విడిచి వెళ్లిపోతే, గుమస్తా అయిన లాల్‌మన్‌ను వెతకడానికి హరిద్వార్ పంపారు. అతను వెళ్లాక, పిల్లవాడి ఆచూకీ తెలిపిన వారికి 501 రూపాయల బహుమతి అని కరపత్రాలు వేశారు. ఆ సంగతి తెలియకుండానే లాల్‌మన్ పిల్లవాడిని కనిపెట్టాడు, తర్వాత బహుమతి కోసం దావా వేశాడు. తరగతిలో దాదాపు అందరూ లాల్‌మన్ పక్షమే వహిస్తారు. అలహాబాదు హైకోర్టు మాత్రం, ప్రతిపాదన ఉన్నట్టే తెలియని వ్యక్తి దాన్ని అంగీకరించినట్లు కాదని తీర్పు చెప్పింది. ఇది అన్యాయమని పిల్లలు వాదిస్తారు. వాదించనివ్వండి. న్యాయంగా తోచేదానికీ చట్టం చెప్పేదానికీ మధ్య ఉన్న దూరాన్ని వారు మొదటిసారి అనుభవించేది ఆ పది నిమిషాల్లోనే.

దీని వెంటనే 1919 నాటి బాల్ఫోర్ కేసు చెప్పవచ్చు. సిలోన్‌లో (నేటి శ్రీలంకలో) ఉద్యోగం చేసే భర్త ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానని మాట ఇచ్చి తప్పాడు. భార్యాభర్తల మధ్య అలాంటి ఏర్పాటును కోర్టుకు వెళ్లే ఉద్దేశంతో చేసుకోరని ఇంగ్లండు అప్పీలు కోర్టు భావించింది. ఫస్టు క్లాసు వస్తే సైకిలు కొనిపెడతానని నాన్న చెప్పిన మాట కోర్టులో ఎందుకు నిలవదో పిల్లలే దీని నుంచి చెప్పగలరు.

మైనరు ఒప్పందం గురించి చెప్పడానికి 1903లో ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మన దేశపు కేసులకు లండనులోని చివరి అప్పీలు న్యాయస్థానం) తేల్చిన మొహోరీ బీబీ కేసు తప్పనిసరి. కలకత్తాలో ధర్మోదాస్ ఘోష్ అనే మైనరు 20,000 రూపాయల అప్పు కోసం తన ఆస్తిని తాకట్టు పెట్టాడు. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లనిదేనని ఆ తీర్పు స్థిరపరచింది. ఇది చెప్పగానే వెనుక బెంచీ నుంచి ఒక ప్రశ్న వస్తుంది: అయితే మేం అప్పు చేసి ఎగ్గొట్టవచ్చా సార్? ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉండండి. మైనరుకు తిండి, బట్ట, చదువు వంటి అవసరాలు సమకూర్చిన వారు ఆ ఖర్చును మైనరు ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చని ఒప్పందాల చట్టంలోని 68వ సెక్షన్ చెబుతుంది. వ్యాజ్యంలో చెల్లని ఒప్పందమని వాదించి గెలిచిన మైనరు, తాను పొందిన లాభం మేరకు తిరిగి ఇవ్వాలని ఆదేశించే అధికారం 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కోర్టుకు ఇచ్చింది. చట్టం మైనరుకు ఇచ్చింది కవచం, కత్తి కాదు అన్న మాటను ఉదాహరణతో చెప్పండి.

మొబైల్ తెర మీద ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట నొక్కడం కూడా ఒప్పందమేనని సమాచార సాంకేతిక చట్టంలోని 10ఏ సెక్షన్ ఆధారంగా ఇక్కడే చెప్పేయండి. రుణ యాప్ షరతుల పేజీలో కాంటాక్టుల జాబితా చదవడానికి అనుమతి కోరే వాక్యం ఎక్కడుందో వెతికి గీత గీయమంటే, పాఠం అయిదు నిమిషాల్లో పూర్తవుతుంది. డబ్బు పోయిన సైబర్ మోసాలకు 1930 నంబరుకు వెంటనే ఫోన్ చేయాలన్నది నోటు పుస్తకంలో రాయించండి.

ప్రోనోటుకు రెండు పీరియడ్లు ఇవ్వండి

మొత్తం కోర్సులో ఒక్క అంశానికే సమయం ఉందంటే నేను ప్రోనోటునే ఎంచుకుంటాను. తెలుగు ఊళ్లలో అప్పు అంటే ప్రోనోటే, అయినా రాసిచ్చేవారిలో దాన్ని చదివి సంతకం పెట్టేవారు తక్కువ. సాధారణంగా అందులో ఉండే పాఠం ఇలా ఉంటుంది: “నా కుటుంబ అవసరముల నిమిత్తం మీ వద్ద ఈ దినమున అప్పుగా తీసుకున్న రొక్కం అక్షరాల యాభై వేల రూపాయలు. ఈ పైకమునకు నెల 1కి నూటికి రూ. 2 చొప్పున వడ్డీతో కలిపి మీరు కోరినప్పుడు మీకు గాని, మీ అనుమతి పొందిన వారికి గాని చెల్లించి ఈ నోటు రద్దుపరచుకోగలవాడను.” ఈ వాక్యాలను బోర్డు మీద రాసి, ఒక్కో మాట కింద గీత గీస్తూ, దాని అర్థం అడగండి. “మీరు కోరినప్పుడు” అంటే గడువు లేదు, రేపే అడగవచ్చు. “మీ అనుమతి పొందిన వారికి” అంటే ఈ కాగితం మరొకరి చేతికి మారవచ్చు, ముఖం తెలియని మనిషి వచ్చి అప్పు అడగవచ్చు. “రద్దుపరచుకోగలవాడను” అంటే డబ్బు తీర్చిన రోజున కాగితాన్ని వెనక్కి తీసుకోవలసిన బాధ్యత అప్పు తీసుకున్న మనిషిదే.

తర్వాత లెక్క. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి రెండు శాతమని అనుకునే విద్యార్థులు ప్రతి తరగతిలో ఉంటారు. యాభై వేలకు నెలకు 1,000 రూపాయలు, ఏడాదికి 12,000, అంటే 24 శాతం అని వారి చేతనే లెక్క కట్టించండి. 3 ఏళ్లు గడిస్తే సాధారణ వడ్డీయే 36,000 అవుతుందని రాయించండి. గణితం చెప్పే ఉపాధ్యాయుడిని ఈ ఒక్క పీరియడ్‌కు పిలిస్తే మరీ మంచిది.

మూడో దశలో నాలుగు నియమాలు నిదానంగా చెప్పండి. మొదటిది, రెవెన్యూ స్టాంపు లేని ప్రోనోటును కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత జరిమానా కట్టినా ఆ లోపం తీరదు. రెండోది, ప్రోనోటు మీద దావా వేయడానికి రాసిన తేదీ నుంచి 3 ఏళ్ల గడువు ఉంటుంది. ఆ లోపు కొంత సొమ్ము చెల్లించి నోటు వెనుక చెల్లు రాసి సంతకం పెడితే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. వెయ్యి రూపాయల చెల్లు వేయించుకోవడానికి రుణదాత ఎందుకు అంత ఆరాటపడతాడో పిల్లలకు ఇప్పుడు అర్థమవుతుంది. మూడోది, స్టాంపు అంటించిన ఖాళీ ఫారం మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని పూరించుకునే అధికారాన్ని ఇచ్చినట్లుగానే 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 20వ సెక్షన్ ప్రాథమికంగా భావిస్తుంది. సొమ్ము ముట్టలేదని నిరూపించుకునే భారం సంతకం పెట్టిన మనిషి మీదే పడుతుంది. నాలుగోది హామీ సంతకం. సాక్షిగా పెట్టే సంతకం వేరు, హామీదారుగా పెట్టే సంతకం వేరు. ఒప్పందాల చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారుడి బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. అసలు మనిషిని ముందు అడిగి, అతను ఇవ్వకపోతేనే నన్ను అడగాలి అనే ఊరి నమ్మకానికి చట్టంలో చోటు లేదు.

చివరగా అభ్యాసం. పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి, లోపాలున్న నమూనా ప్రోనోట్లు ఇవ్వండి: ఒకదాంట్లో తేదీ ఉండదు, ఒకదాంట్లో అంకెల్లో 50,000 అని, అక్షరాల్లో అయిదు వేలని ఉంటుంది, ఒకదాంట్లో వడ్డీ గడి ఖాళీగా ఉంటుంది, ఒకదాంట్లో అప్పు తీసుకున్న మనిషికి 17 ఏళ్లు. లోపం కనిపెట్టి, సంతకం పెడతారా లేదా, ఎందుకు అని రాయమనండి. తరగతిలో అతి నెమ్మదిగా చదివే విద్యార్థులు ఈ అభ్యాసంలో తరచుగా ముందుంటారు, ఎందుకంటే వారు ప్రతి మాటా కూడబలుక్కుని చదువుతారు.

వినియోగదారు పాఠం ఒక ఉత్తరంతో ముగియాలి

ఈ భాగాన్ని ఒకే పీరియడ్‌లో ముగించవచ్చు. బిస్కెట్ ప్యాకెట్ కవరు మీద తయారీదారు చిరునామా, నికర బరువు, తయారైన నెల, అన్ని పన్నులతో కలిపిన గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదు చేయవలసిన వివరాలు ఎక్కడున్నాయో వెతికించండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద, చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులు జిల్లా కమిషన్‌కు వెళతాయని, 5 లక్షల వరకు ఫీజు లేదని, కారణం ఏర్పడిన 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయాలని, తాము నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చని, న్యాయవాది తప్పనిసరి కాదని చెప్పండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

ఆ తర్వాత ఉత్తరం రాయించండి. కొన్న 4 నెలలకే పాడైన మిక్సీని వారంటీ ఉన్నా బాగుచేయని దుకాణానికి నోటీసు అనేది నేను ఇచ్చే అంశం. తేదీ, బిల్లు నంబరు, జరిగిన సంగతి, కోరుతున్న పరిహారం, జవాబుకు ఇస్తున్న గడువు ఈ అయిదు అంశాలూ ఉండాలి, కోపం ఉండకూడదు. తెలుగు ఉపాధ్యాయులు లేఖా రచన కింద దీనికి మార్కులు ఇవ్వడానికి ఒప్పుకుంటే, పిల్లలు మరింత శ్రద్ధ పెడతారు.

వ్యాపారం: ఆవకాయ దుకాణం

నలుగురు విద్యార్థులు కలిసి ఆవకాయ తయారుచేసి అమ్మే దుకాణం పెట్టారని ఊహించమనండి. పెట్టుబడి ఎవరిది, లాభం ఎలా పంచాలి, నష్టం వస్తే ఎవరు భరించాలి, ఒకరు మధ్యలో మానుకుంటే ఏమిటి అన్న నాలుగు ప్రశ్నలకు వారే జవాబులు రాసి, సంతకాలు చేయాలి. వారు రాసింది భాగస్వామ్య పత్రమని తర్వాత చెప్పండి. అప్పుడు 1932 నాటి భాగస్వామ్య చట్టంలోని రెండు విషయాలు వారికి పట్టుబడతాయి. ఒకటి, ఒక భాగస్వామి సంస్థ పని మీద చేసిన అప్పుకు మిగిలిన వారి సొంత ఆస్తులు కూడా పూచీ. రెండు, మైనరును లాభాల్లో మాత్రమే చేర్చుకోవచ్చు. మేజరు అయిన 6 నెలల్లోపు తాను భాగస్వామిగా కొనసాగేదీ లేనిదీ బహిరంగ ప్రకటన ద్వారా తెలపకపోతే పూర్తి భాగస్వామి అయిపోతారు. తండ్రి వ్యాపారంలో పేరు చేర్చిన పిల్లలకు ఈ 6 నెలల సంగతి తెలియకపోవడం చాలా నష్టం తెస్తుంది.

కంపెనీ అంటే, చట్టం దృష్టిలో, దాని యజమానుల నుంచి వేరైన ఒక వ్యక్తి అన్న భావన 15 ఏళ్ల వారికి కష్టం. 1896లో బ్రిటన్ ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) తేల్చిన సాలమన్ కేసు దీనికి సాయపడుతుంది. లండనులో బూట్లు కుట్టించి అమ్మే సాలమన్ తన వ్యాపారాన్ని ఒక కంపెనీకి అమ్మాడు. 20,007 షేర్లలో 20,001 ఆయనవే, మిగిలినవి భార్యకూ అయిదుగురు పిల్లలకూ ఒక్కొక్కటి. కంపెనీ దివాలా తీసినప్పుడు దాని అప్పులు సాలమన్ అప్పులు కావని తీర్పు వచ్చింది. దాదాపు అన్ని షేర్లూ ఒకరివే అయినప్పుడు ఇది ఎలా న్యాయమని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న వస్తే పాఠం అందినట్లే.

వారి తల్లుల్లో చాలామంది పొదుపు సంఘాల్లో సభ్యులు. సంఘం తీర్మానాల పుస్తకం ఎలా రాస్తారో, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో ఎలా నిర్ణయిస్తారో అమ్మను అడిగి తెలుసుకుని రమ్మనండి. ఎవరి అప్పు ఎంత అన్నది మాత్రం అడగవద్దని ముందే చెప్పండి.

ఇల్లు, పెళ్లి, ఆస్తి: జాగ్రత్తగా నడవవలసిన చోటు

వివాహ, వారసత్వ నియమాలు మతాన్ని బట్టి వేరువేరని మొదటే చెప్పి, ఏ మతపు నియమాన్నీ మరొకదానితో పోల్చి మెచ్చుకోకుండా, కించపరచకుండా బోధించండి. అందరికీ వర్తించే బాల్య వివాహ నిషేధ చట్టం 2006తో మొదలుపెట్టడం మేలు. బాల్యంలో పెళ్లయిన వ్యక్తి, మేజరు అయిన 2 ఏళ్లలోపు, ఆ పెళ్లిని రద్దు చేయమని కోర్టును కోరవచ్చన్న సంగతి తప్పక చెప్పండి.

ఆడపిల్లల ఆస్తి హక్కు విషయంలో మన ప్రాంతానికి చెప్పుకోదగిన చరిత్ర ఉంది. హిందూ అవిభక్త కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారుడితో సమానంగా పుట్టుకతో హక్కు ఇస్తూ, ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 1986లో వచ్చిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కుమార్తెలకు అది వర్తించలేదు. దేశమంతటికీ ఆ హక్కు 2005 సెప్టెంబరు 9న వచ్చింది, వివాహితులకు కూడా. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని, అవసరం లేదంటూ, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చింది. ఈ మూడు తేదీలను బోర్డు మీద వరుసగా రాసి, అమ్మమ్మకు, అమ్మకు, తమకు ఏది వర్తిస్తుందో పిల్లలను ఆలోచించమనండి. కట్నం ఇచ్చేశాం కాబట్టి వాటా లేదు అనే మాటకు చట్టంలో ఆధారం లేదని కూడా చెప్పండి. కట్నమే నేరం.

ఈ పాఠం తర్వాత ఎవరైనా విద్యార్థి మీ దగ్గరకు వచ్చి తన ఇంట్లో జరుగుతున్న దాన్ని చెప్పవచ్చు. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఏ వ్యక్తి అయినా పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం కింద తప్పనిసరి బాధ్యత, తెలపకపోవడం శిక్షార్హం. ప్రశాంతంగా వినండి, గుచ్చి గుచ్చి అడగకండి, విన్నది విన్నట్లు రాసుకోండి, ప్రధానోపాధ్యాయులతో కలిసి అదే రోజు కదలండి. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 తరగతి గోడ మీద ఏడాది పొడవునా ఉండాలి.

చివరి వారాలు: నమూనా కమిషన్, పరీక్ష

మిక్సీ నోటీసునే తీసుకుని నమూనా జిల్లా వినియోగదారుల కమిషన్ నడపండి. అధ్యక్షుడు, ఇద్దరు సభ్యులు, ఫిర్యాదుదారు, దుకాణదారు, సాక్షులు అందరూ విద్యార్థులే. సినిమా కోర్టుల్లోలాగా గొంతు పెంచి మాట్లాడటం మొదలవుతుంది. బిల్లు చూపించండి, వారంటీ కార్డులో ఆ వాక్యం చదవండి అని అధ్యక్షుడి చేత అడిగిస్తే వాదన మళ్లీ కాగితం మీదికి వస్తుంది. తీర్పును కారణాలతో పది వాక్యాల్లో రాయాలన్నది నియమం. వీలైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఉత్తరం రాసి ఒక న్యాయవాదిని ఆహ్వానించండి. పిల్లల ప్రశ్నలను ముందే కాగితం మీద సేకరించి ఆయనకు పంపితే, ప్రసంగం బదులు సంభాషణ జరుగుతుంది. కోర్టులు సాధారణంగా ప్రజలందరికీ తెరిచే ఉంటాయి కాబట్టి, అనుమతి తీసుకుని ఒక పూట పిల్లలను తీసుకెళ్లి కూర్చోబెట్టడం కూడా సాధ్యమే.

పరీక్షలో సెక్షన్ నంబర్లు అడగకండి. ఒక కాగితం, ఒక కథ ఇవ్వండి. నేను ఇచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇది: “17 ఏళ్ల 11 నెలల రవి, పాత బైకు కొనడానికి 30,000 రూపాయలకు ప్రోనోటు రాశాడు. అతని అన్న, 22 ఏళ్ల వాడు, సాక్షి అనుకుని హామీదారు గడిలో సంతకం పెట్టాడు. ఈ కాగితం గురించి అన్నదమ్ములు ఇద్దరికీ మీరు ఏం చెబుతారు? ఇంకా ఏ వివరాలు తెలుసుకోవాలి?” అసలు ఒప్పందమే చెల్లనప్పుడు హామీ సంగతి ఏమిటన్నది న్యాయవాదులు కూడా వాదించుకునే ప్రశ్న. అందుకే చివరి ప్రశ్నకు ఎక్కువ మార్కులు ఉంచాను. కాగితం చూపించకుండా జవాబు చెప్పలేమని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇచ్చాను.

ఈ పాఠాలు రెండు నెలలు నడిచాక తల్లిదండ్రులు తమ కాగితాలతో బడికి రావడం మొదలవుతుంది. కాగితంలో ఏముందో చదివి వినిపించండి. ఏం చేయాలో మాత్రం చెప్పకండి; అది న్యాయవాది పని, పొరపాటు జరిగితే నష్టపోయేది వారే. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం కింద హక్కుగా లభిస్తుందని, జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఆ కార్యాలయం ఉంటుందని, 15100కు ఫోన్ చేయవచ్చని ఒక చీటీ మీద రాసి వారి చేతికి ఇవ్వండి. ఆ చీటీలు ఒక యాభై ముందే రాయించి బల్ల సొరుగులో ఉంచుకోండి. అందమైన చేతిరాత ఉన్న విద్యార్థులు ఆ పనిని ఇష్టంగా చేస్తారు.